అయస్కాంతం ఖాళీ, వణుకు నిజం

1784లో ఒక రోజు, ప్యారిస్ పక్కనే ఉన్న పాసీలో, బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇంటి తోటలోకి 12 ఏళ్ల కుర్రాడిని కళ్లకు గంతలు కట్టి తీసుకొచ్చారు. తోటలో ఒక ఆప్రికాట్ చెట్టుకు ముందే "శక్తి ఎక్కించి" ఉంచారు. అది ఏ చెట్టో కుర్రాడికి తెలియదు. ఒక్కో చెట్టునూ కాసేపు కౌగలించుకోమన్నారు. మొదటి చెట్టు దగ్గర చెమటలు పట్టాయి, దగ్గొచ్చింది. రెండో చెట్టు దగ్గర తల దిమ్మెక్కింది. మూడో చెట్టు దగ్గర ఆ దిమ్ము ఇంకా ఎక్కువైంది, అసలు చెట్టు దగ్గరికి వచ్చేస్తున్నట్టుందని అన్నాడు, నిజానికి అప్పుడు దానికి దూరమవుతున్నాడు. నాలుగో చెట్టు దగ్గర కాళ్లూ చేతులూ బిగుసుకుపోయి స్పృహ తప్పి పడిపోతే, మోసుకెళ్లి గడ్డి మీద పడుకోబెట్టాల్సి వచ్చింది. శక్తి ఎక్కించిన చెట్టు అక్కడికి 24 అడుగుల దూరంలో ఉంది.

ఆ శక్తికి అప్పట్లో పెట్టిన పేరు "జంతు అయస్కాంతత్వం". దాన్ని కనిపెట్టానని చెప్పుకున్నవాడు ఫ్రాంజ్ ఆంటన్ మెస్మర్ అనే వైద్యుడు. 1774లో వియన్నాలో ఒక రోగికి ఇనుము కలిపిన మందు తాగించి, ఒంటి మీద అక్కడక్కడా అయస్కాంతాలు పెట్టి చూశాడు. ఒంట్లో ఏదో ద్రవం పారుతున్నట్టుందని ఆమె అంది, బాధ కొన్ని గంటలు తగ్గింది కూడా. అక్కడితో ఆగి ఉంటే ఆయన పేరు ఇవాళ ఎవరికీ గుర్తుండేది కాదు. కానీ పనిచేసింది ఇనుప ముక్క కాదు, తన ఒంట్లోని శక్తే అని మెస్మర్ తేల్చుకున్నాడు. ఇక కాగితమైనా నీళ్లైనా గుడ్డైనా చెట్టైనా ఆయన చెయ్యి తగిలితే చాలు, అదే అయస్కాంతం. 1778లో ప్యారిస్ చేరాక జనం తాకిడి తట్టుకోలేక ఒక పెద్ద కొయ్య తొట్టి చేయించాడు, దాని చుట్టూ ఇనుప చువ్వలు, ఆ చువ్వలను నొప్పి ఉన్నచోట ఆనించుకుని కూర్చునే రోగులు, మసక వెలుతురు, పక్క నుంచి సన్నగా సంగీతం. కాసేపటికి ఒకరు వణికేవాళ్లు, ఇంకొకరు ఏడ్చేవాళ్లు, మరొకరు పడిపోయేవాళ్లు. తెలుగులో దానికి పూనకం అనే మాట ఉంది కాబట్టి ఎక్కువ వివరించనక్కర్లేదు. ఒకరికి వస్తే పక్కవాళ్లకూ పాకేది, దాన్ని మెస్మర్ జబ్బు బయటికి పోయే ఘడియ అనేవాడు.

ఈ గోల ఎంతదాకా వెళ్లిందంటే, రాజు పదహారో లూయీ దీన్ని తేల్చమని సంఘం వేశాడు. అందులో ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లవాజియే, ఖగోళ శాస్త్రవేత్త బైయీ, వైద్యుడు గియోతాన్ (తల నరికే యంత్రానికి ఈయన పేరే పెట్టారు, తయారు చేసింది మాత్రం ఈయన కాదు) ఉన్నారు. వాళ్లు చేసిన పని చాలా సింపుల్‌, గొప్పతనం కూడా అందులోనే ఉంది. రోగికి తెలియకుండా శక్తి ఎక్కించారు, ఏమీ జరగలేదు. ఎక్కించకుండానే ఎక్కించామని చెప్పారు, పూనకం వచ్చింది. ఒక ఆవిడకు మామూలు నీళ్ల కప్పులు ఒకదాని తర్వాత ఒకటి ఇస్తే నాలుగో కప్పుకు పడిపోయింది. తేరుకున్నాక దాహమంటే అసలు "శక్తి" ఉన్న కప్పే ఇచ్చారు, హాయిగా తాగేసింది. ఊహ ఉంటే అయస్కాంతం లేకపోయినా పూనకం వస్తుంది, ఊహ లేకపోతే అయస్కాంతం ఎంత ఉన్నా ఏమీ రాదు. సంఘం తీర్పు సారాంశం ఇదీ. ఏది అసలుదో ఏది ఉత్తుత్తిదో రోగికి తెలియకుండా పరీక్షించే పద్ధతి ఇవాళ కొత్త మందుల విషయంలో మామూలు, దాని తొలి అడుగుల్లో ఒకటి ఈ తోటలో పడింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేం. ఈ సంఘాన్ని వేసిన రాజే తొమ్మిదేళ్ల ముందు, 1775లో, పట్టాభిషేకం అయ్యాక వరసగా నిలబెట్టిన 2,400 మంది రోగులను చేత్తో తాకాడు. మెడ గ్రంథులకు వచ్చే ఒక రకం క్షయను రాజు స్పర్శ నయం చేస్తుందని ఫ్రాన్స్‌లోనూ ఇంగ్లండ్‌లోనూ వందల ఏళ్ల నమ్మకం. తాకుతూ రాజు ఒక వాక్యం పలకాలి. పాత వాక్యం "రాజు నిన్ను తాకుతున్నాడు, దేవుడు నిన్ను నయం చేస్తాడు". 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో దాన్ని చడీచప్పుడు లేకుండా "దేవుడు నిన్ను నయం చేయుగాక" అని మార్చేశారు. క్రియాపదం ఒక్కటే మారింది, కానీ రాజులకే నమ్మకం ఎంత సన్నగిల్లిందో ఆ ఒక్క మార్పు చెబుతుంది. మెస్మర్ వైద్యానికి పరీక్ష పెట్టారు, రాజు చేతికి ఎవరూ పెట్టలేదు. ఏది మహిమో ఏది మోసమో అనే లెక్క చాలాసార్లు పరీక్ష ఫలితాన్ని బట్టి తేలదు, చెయ్యి ఎవరిదన్నదాన్ని బట్టి తేలుతుంది.

సంఘం తీర్పు సరైనదే, కానీ అసలు ప్రశ్న దాంతో తీరలేదు. మెస్మర్ శిష్యుడు డెస్లోన్ అడిగిన మాట ఇప్పటికీ నిలబడే ఉంది: ఊహతో చేసే వైద్యమే మేలైనదైతే ఆ వైద్యమే ఎందుకు చేయకూడదు? "అదంతా ఊహే" అని తేల్చినవాళ్లు ఆ మాటతో ఫైలు మూసేశారు. నిజానికి ఫైలు తెరవాల్సింది అక్కడే కదా. ఒక మాట, ఒక నమ్మకం, కళ్లకు కట్టిన ఒక గంత కలిసి 12 ఏళ్ల కుర్రాడి కండరాలను బిగించి పడేశాయంటే, చెట్టులో ఏమీ లేకపోవడం కంటే కుర్రాడిలో ఇంత ఉండటమే పెద్ద విశేషం.

రెండో అయస్కాంతం నిజమైనది. 1856లో ఫ్రెంచి ప్రభుత్వం రాబర్ట్ హూడాన్ అనే గారడీ కళాకారుణ్ణి అల్జీరియాకు పంపింది, అక్కడి మత గురువుల మహిమల కంటే ఫ్రెంచివాళ్ల మహిమ పెద్దదని జనానికి చూపించమని. పాలకుల మీద తిరుగుబాటును గారడీతో చల్లార్చాలన్న ఆలోచన అన్నమాట. వేదిక మీద చిన్న పెట్టె పెట్టి, బలశాలిని పిలిచి ఎత్తమన్నాడు, ఎత్తాడు. "ఇప్పుడు నీ బలం లాగేస్తున్నా" అని చెయ్యి ఊపి మళ్లీ ఎత్తమంటే అంగుళం కూడా కదలలేదు. పెట్టె అడుగున ఇనుము, వేదిక కింద విద్యుదయస్కాంతం, పిడికి చిన్న కరెంటు షాకు కూడా. హూడాన్ అసలైన అయస్కాంతాన్ని దాచిపెట్టి తనకు శక్తి ఉన్నట్టు నటించాడు, మెస్మర్ లేని అయస్కాంతాన్ని అందరికీ చూపించి అది ఉందని తానూ నమ్మాడు. ఇద్దరిలో తెలిసి అబద్ధమాడింది హూడాన్ ఒక్కడే, అయినా చరిత్ర ఆయన్ని కళాకారుడంది, మెస్మర్‌ని మోసగాడంది. ఈ తీర్పు అంత సబబుగా లేదు.

మూడోది మొన్నమొన్నటిది. కెనడాలోని లారెన్షియన్ యూనివర్సిటీలో మైకేల్ పర్సింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక హెల్మెట్ వాడేవాడు. కణతల దగ్గర అతి బలహీనమైన అయస్కాంత క్షేత్రాలు పుట్టించే తీగచుట్టలు అందులో ఉండేవి. కళ్లకు గంతలు కట్టి నిశ్శబ్దమైన గదిలో కూర్చోబెడితే, పక్కనే ఎవరో ఉన్నట్టనిపించిందని, దివ్యమైన అనుభవమైందని చాలామంది చెప్పారు. పత్రికలు దానికి దేవుడి హెల్మెట్ అని పేరు పెట్టేశాయి, దైవానుభవం మెదడులో ఏ మూల పుడుతుందో దొరికిపోయిందని కథనాలు వచ్చాయి. స్వీడన్‌లోని ఉప్సాలాలో పేర్ గ్రాంక్విస్ట్ బృందం అదే పరికరం తీసుకుని 89 మందిపై పరీక్షించి 2005లో ఫలితం ప్రకటించింది. ఎవరి హెల్మెట్‌లో కరెంటు ఉందో అటు పెట్టించుకున్నవాళ్లకూ తెలియదు, ఇటు పరీక్షించేవాళ్లకూ తెలియదు. అనుభవాలు కొందరికి వచ్చాయి, గట్టిగానే వచ్చాయి, కానీ స్విచ్ వేసి ఉందా లేదా అన్నదానికీ వాటికీ సంబంధమే కనిపించలేదు. చెప్పిన మాట త్వరగా పట్టే స్వభావం ఎవరికి ఎక్కువో వాళ్లకే అనుభవమూ ఎక్కువైంది. పరికరాన్ని వాళ్లు సరిగా వాడలేదని పర్సింగర్ వాదించాడు. పాసీ తోటలో డెస్లోన్ కూడా అన్ని చెట్లకూ సహజంగానే కొంత అయస్కాంతత్వం ఉంటుందని వాదించాడు, అదే నిజమైతే అలాంటి మనిషి ఏ తోటలోనూ నడవలేడుగా అని సంఘం జవాబిచ్చింది. 221 ఏళ్ల తేడాతో అదే కథ.

ఇంతకీ ఖాళీ చెట్టు ఒంట్లో ఏం చేయగలదు, ఏం చేయలేదు? దీనికి తెలుగులో మంచి ఆధారమే ఉంది, రెండు వేర్వేరు మాటలున్నాయి: నలత, జబ్బు. "ఒంట్లో నలతగా ఉంది" అనేది మనిషి లోపలి నుంచి చెప్పే మాట, జబ్బు అనేది పరీక్షలో బయటపడేది. చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి కాబట్టి తేడా పట్టించుకోం. 2011లో ప్రచురితమైన ఒక ఆస్తమా అధ్యయనం ఆ రెంటినీ విడదీసి చూపించింది. రోగులకు ఒకసారి అసలు మందున్న ఇన్‌హేలర్, ఒకసారి మందు లేనిది, ఒకసారి ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ (సూదుల వైద్యం), ఒకసారి ఏమీ ఇవ్వకుండా ఊరికే కూర్చోబెట్టడం. ఊపిరితిత్తుల్లోంచి గాలి బయటికి వచ్చే వేగాన్ని కొలిస్తే, అసలు మందుతో సుమారు 20 శాతం మెరుగైంది, మిగతా మూడింటితోనూ 7 శాతమే. "మీకెలా ఉంది?" అని అడిగితే మాత్రం లెక్క మారిపోయింది. అసలు మందుతో 50 శాతం మెరుగన్నారు, ఖాళీ ఇన్‌హేలర్‌తో 45, ఉత్తుత్తి సూదులతో 46, ఊరికే కూర్చున్నప్పుడు 21. అంటే నలత విషయంలో ఖాళీ ఇన్‌హేలర్ దాదాపు మందుతో సమానం, జబ్బు విషయంలో ఊరికే కూర్చోవడంతో సమానం. ఊపిరాడని మనిషికి "హాయిగా ఉంది" అనిపిస్తూ ఊపిరితిత్తులు మాత్రం మూసుకునే ఉంటే అది ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా. మహిమలతో నయమైందని చెప్పే ఏ సాక్ష్యాన్ని విన్నా ముందు అడగాల్సింది ఇదే: తగ్గింది నలతా, జబ్బా? చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాళ్లకు తగ్గింది నిజంగానే, కానీ ఏది తగ్గిందో వాళ్లు లోపలి నుంచి తెలుసుకోలేరు.

నలతను చిన్నచూపు చూడటం కూడా తప్పే. నొప్పి అంతా నలతే కదా, నొప్పిని కొలిచే యంత్రం లేదు. 1978లో లెవీన్, గోర్డన్, ఫీల్డ్స్ అనే ముగ్గురు, పళ్లు తీయించుకున్నవాళ్ల మీద ఒక పరీక్ష చేశారు. నల్లమందు జాతి మందుల పనిని అడ్డుకునే నాలోక్సోన్ ఇస్తే, ఉత్తుత్తి మందుతో తగ్గిన నొప్పి మళ్లీ పెరిగింది. అంటే నమ్మకం ఊరికే మనసులో ఉండిపోలేదు, ఒళ్లు తన సొంత నొప్పిమందును తానే వదిలింది, దాన్ని రసాయనంతో ఆపొచ్చు కూడా. ఇక హస్తవాసి. ఫలానా డాక్టరు హస్తవాసి మంచిదంటే చదువుకున్నవాళ్లు నవ్వుతారు గానీ, 2008లో టెడ్ కాప్చుక్ బృందం కొలిచింది అచ్చంగా దాన్నే. పేగుల ఇబ్బందితో బాధపడే 262 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపును వెయిటింగ్ లిస్టులో ఉంచారు, రెండో గుంపుకు ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ ముభావంగా చేశారు, మూడో గుంపుకు అదే ఉత్తుత్తి సూదులు, కానీ ఓపిగ్గా కూర్చుని, కష్టం విని, ధైర్యం చెప్పి చేశారు. తగినంత ఉపశమనం కలిగిందన్నవాళ్లు వరసగా 28, 44, 62 శాతం. సూది రెండిట్లోనూ ఖాళీయే, తేడా అంతా మనిషిది. తర్వాత 2010లో అదే కాప్చుక్ ఇంకో అడుగు వేసి, 80 మందికి "ఇందులో మందేమీ లేదు" అని ముందే చెప్పి మాత్రలిచ్చాడు. మాత్ర వేసుకున్నవాళ్లలో 59 శాతం, వేసుకోనివాళ్లలో 35 శాతం మెరుగన్నారు. డెస్లోన్ ప్రశ్నకు ఉన్న పెద్ద అభ్యంతరం, మోసం చేయకుండా ఊహావైద్యం కుదరదు కదా అన్నది, ఈ ఒక్క పరీక్షతో పోయిందనలేం గానీ బాగానే వదులైంది.

అలాగని దీన్ని ఆకాశానికెత్తేయడమూ కుదరదు. 2001లో కోపెన్‌హాగన్‌కు చెందిన ఇద్దరు పరిశోధకులు ఉత్తుత్తి మందునూ అసలేమీ ఇవ్వకపోవడాన్నీ పోల్చిన 114 పరీక్షలను కలిపి చూశారు. నొప్పి లాంటి, రోగి తానే చెప్పేవాటిలో కొద్దిపాటి మేలు కనిపించింది, యంత్రంతో కొలిచేవాటిలో చెప్పుకోదగ్గదేమీ లేదు. మంత్రాలకు చింతకాయలు రాలవన్న సామెత జబ్బు విషయంలో అక్షరాలా నిజం.

మరి కొన్నిసార్లు చింతకాయలు రాలినట్టే ఉంటుందేం? రాలే చింతకాయలు ఎలాగూ రాలుతాయి కాబట్టి. జలుబు మందేస్తే వారంలో, వేయకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందన్న జోకు అందరికీ తెలిసిందే. జనం మహిమగలవాళ్ల దగ్గరికి బాధ భరించలేనంత ముదిరినప్పుడే వెళతారు. పెరుగుతూ తగ్గుతూ ఉండే జబ్బు ఏదైనా అలాంటి రోజు తర్వాత ఎక్కువగా తగ్గుముఖమే పడుతుంది, మధ్యలో ఎవరు చెయ్యి పెడితే పేరు వాళ్లకు వస్తుంది. కాకి వాలడం, తాటిపండు పడటం. రాజస్పర్శ కూడా ఇలాగే వందల ఏళ్లు బతికింది, ఆ మెడ గడ్డలు కొన్నాళ్లు వాటంతట అవే తగ్గుతాయి. ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ తన పాలనలో 90 వేల మందికి పైగా తాకాడు. అంతమందిలో కొన్ని వేలమందికి తగ్గకపోతేనే ఆశ్చర్యం. తగ్గనివాళ్ల మాట ఎవరూ రాసిపెట్టరు. అలాంటివాళ్లలో ఒకరి కథ మాత్రం మిగిలింది, ఎందుకంటే ఆ పిల్లవాడు పెద్దయ్యాక ఇంగ్లిష్ నిఘంటువు రాశాడు. శామ్యూల్ జాన్సన్‌ని రెండున్నరేళ్ల వయసులో, 1712లో, లండన్ తీసుకెళ్లి రాణి ఆన్ చేత తాకించారు. తగ్గలేదు, మచ్చలు జీవితాంతం ఉండిపోయాయి. ఆ రోజు ఇచ్చిన బంగారు బిళ్ల మాత్రం చివరిదాకా మెడలోనే ఉంది. తర్కంలో అంతటి మనిషి, పనిచేయని బిళ్లను 70 ఏళ్లకు పైగా ఎందుకు తీయలేదో ఆలోచిస్తే, మంత్రం మీద నమ్మకం ఫలితం మీదే ఆధారపడదని తెలుస్తుంది.

చేతబడి వైపు కూడా ఇదే సూత్రం తిరగబడి పనిచేస్తుంది. కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్ మాత్రలు పడటం లేదని మానేసిన 60 మందిని తీసుకుని, ఏడాది పాటు కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు ఉత్తుత్తిది, కొన్ని నెలలు ఏమీ లేకుండా గడిపించారు, ఫలితం 2020లో వచ్చింది. ఏమీ వేసుకోని నెలల్లో బాధ స్కోరు 8, ఉత్తుత్తి మాత్రతో 15.4, అసలు మాత్రతో 16.3. అంటే మాత్ర వల్ల వచ్చిందనుకున్న బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. ఆ ఒళ్లునొప్పులు నటన కాదు. సీసా చూసి భయపడితేనే ఇంత బాధ పుడితే, ఫలానావాళ్లు తనకేదో చేయించారని గట్టిగా నమ్మి, చుట్టుపక్కలవాళ్లు కూడా అదే నమ్మి దూరం జరుగుతుంటే, ఆ మనిషి తిండీ నిద్రా మానేసి క్షీణించడంలో ఏ మంత్రమూ అక్కర్లేదు. 1942లో శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ ఇలాంటి చావుల గురించి రాస్తూ, ఎడతెగని భయమే గుండెనూ రక్తప్రసరణనూ కుప్పకూల్చవచ్చని వాదించాడు. ఆయన ఆధారాలు చాలావరకు వినికిడివే, కాబట్టి భయం నేరుగా చంపేస్తుందని ఖాయంగా చెప్పలేం, కానీ భయపడ్డ మనిషి ఒంటరి కావడం ఎంత చేటో తెలిసిందే.

ఇదంతా చదివాక మంత్రగాళ్లందరూ తెలిసే నాటకమాడతారనిపించవచ్చు. కెసాలిడ్ కథ వింటే ఆ ఊహా నిలవదు. కెనడా పశ్చిమ తీరంలోని క్వాకియుటల్ జనంలో ఒకడు, మంత్రవైద్యుల మోసం బయటపెట్టాలనే వాళ్ల దగ్గర చేరాడు. మానవశాస్త్రవేత్త ఫ్రాంజ్ బోయాస్ సేకరించిన కథనం ఇది, తర్వాత ఇంకో మానవశాస్త్రవేత్త లెవీ స్ట్రాస్ దీన్ని ప్రపంచానికి తెలిసేలా చేశాడు. అనుకున్నట్టే మోసాలు తెలిశాయి. మెత్తని ఈకల ముద్ద నోట్లో దాచుకోవాలి, సమయానికి నాలుక కొరికో చిగుళ్లు నొక్కో రక్తం తెప్పించి, ఆ నెత్తుటి ముద్దను ఉమ్మి "ఇదే నీ రోగం" అని చూపించాలి. బయటపెడదామనుకునేలోపే ఒక రోగి అతని కోసం కబురు పెట్టాడు, తనను నయం చేసేది ఇతనేనని కలగన్నాడట. చేశాడు, తగ్గింది. పక్క తెగకు వెళితే అక్కడి వైద్యులు ఉత్త ఉమ్మి చూపించి అదే రోగమంటున్నారు, వాళ్ల చేతిలో తగ్గని రోగికి ఇతని నెత్తుటి ముద్దతో తగ్గింది. ఆ వైద్యులు సిగ్గుతో కుంగిపోయి, ఆ ముద్ద అసలుదా ఉత్తదా చెప్పమని బతిమాలారు. అతను చెప్పలేదు. చివరికి పేరున్న వైద్యుడయ్యాడు, తన ముద్ద మోసమని తెలిసీ, ఉత్త ఉమ్మి కంటే ఇది నయమే కదా అనే దగ్గరికి వచ్చి ఆగాడు. మోసం, నమ్మకం అనే రెండు గదులు ఒకే మనసులో ఉంటాయి, మధ్య తలుపు తీసే ఉంటుంది.

రోగికి ఆ ముద్ద ఇచ్చేదేమిటంటే, కనపడని బాధకు ఒక రూపం. సూడాన్ ప్రాంతపు అజాండే జనంతో 1920ల చివర్లో కొంతకాలం గడిపిన మానవశాస్త్రవేత్త ఇవాన్స్ ప్రిచర్డ్ ఇంకో కోణం చూపించాడు. ధాన్యపు గాదె కూలి కింద కూర్చున్నవాళ్ల మీద పడితే, చెదలు గుంజలు తినేశాయని వాళ్లకూ తెలుసు. కానీ సరిగ్గా వీళ్లు కూర్చున్నప్పుడే ఎందుకు కూలింది? దానికి చెదలు జవాబు చెప్పవు, మంత్రం చెబుతుంది. ఆస్పత్రి రిపోర్టు కూడా "ఏమైంది" చెబుతుంది గానీ "నాకే ఎందుకు" చెప్పదు. అక్కడ ఖాళీ ఉన్నంత కాలం ఆ ఖాళీలోకి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు.

వచ్చినవాళ్లతో వచ్చే చిక్కు కూడా 1784లోనే గుర్తించారు. బయటికి చెప్పిన నివేదికతో పాటు బైయీ రాజుకు ఒక రహస్య నివేదిక ఇచ్చాడు. వైద్యుడు మగవాడు, రోగులు ఎక్కువగా ఆడవాళ్లు, గంటల తరబడి మోకాళ్లు తగిలేలా దగ్గర కూర్చోవడం, ఆపైన స్పృహ లేని పూనకం, దీన్ని దురుద్దేశంతో వాడుకునే వీలు చాలా ఉందని అందులో రాశాడు. ఆడవాళ్ల గురించి అందులో ఉన్న అభిప్రాయాలు ఇవాళ చదివితే చిరాకేస్తుంది, కానీ హెచ్చరిక మాత్రం పాతబడలేదు. నలతను తగ్గించే ఆ నమ్మకమే, ఆ లొంగిపోవడమే, మనిషిని నిస్సహాయంగా ఎదుటివాడి చేతిలో పెట్టేదీ. మందుకు దుష్ఫలితాల చీటీ ఉంటుంది, హస్తవాసికి ఉండదు.

నయం కావడం కోసం కాకుండా అనుభవం కోసమే వెతికేవాళ్ల సంగతి వేరు. మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1902లో ఇలాంటి అనుభవాలకు గుర్తులు చెప్పాడు. మాటల్లో పెట్టలేం, కొత్తగా ఏదో తెలిసిపోయిందన్న గట్టి నిశ్చయం ఉంటుంది, కొద్దిసేపే నిలుస్తుంది, తాను చేసినట్టు కాక తనకు జరిగినట్టు ఉంటుంది. ఇందులో చిక్కంతా రెండోదాంట్లోనే. తెలిసిపోయిందన్న భావన కూడా ఒక భావనే, తెలిసింది నిజమేనని అది హామీ ఇవ్వదు, లోపల ఉన్నవాళ్లకు మాత్రం అంతకు మించిన రుజువు ఇంకోటి ఉండదు. 1962 ఏప్రిల్ 20న, గుడ్ ఫ్రైడే రోజు, బోస్టన్ యూనివర్సిటీ ప్రార్థనా మందిరం కింద వాల్టర్ పాంకే 20 మంది క్రైస్తవ మతశాస్త్ర విద్యార్థులను కూర్చోబెట్టి, సగం మందికి పుట్టగొడుగుల్లో ఉండే సైలోసైబిన్, సగం మందికి నియాసిన్ అనే విటమిన్ ఇచ్చాడు. పైనుంచి ప్రార్థన వినిపిస్తోంది. విటమిన్ తీసుకున్నవాళ్లకు ఒళ్లు వేడెక్కింది, అంతే. మిగతా సగంలో చాలామందికి దైవానుభవమైంది, పాతికేళ్ల తర్వాత వెతికి పట్టుకుని అడిగినా అది నిజమైనదేనన్నారు. ఒక విద్యార్థి అదుపు తప్పితే మత్తు ఇంజెక్షన్ చేయాల్సి వచ్చిందన్న సంగతి పాంకే నివేదికలో లేదు, పాతికేళ్ల తర్వాతి ఆ వెతుకులాటలోనే బయటపడింది. అనుభవాన్ని అమ్మేవాళ్ల దగ్గర ఇలాంటి మిగిలిపోయిన విద్యార్థి ఎప్పుడూ ఒకడు ఉంటాడు.

ఇక్కడ మెస్మర్ చెట్టు పోలిక సరిపోదు. పుట్టగొడుగు ఖాళీ చెట్టు కాదు. మెక్సికోలోని వాహాకా కొండల్లో, వావుత్లా అనే ఊళ్లో, మరియా సబీనా అనే మసతెక్ వైద్యురాలు ఆ పుట్టగొడుగులతో రాత్రంతా పాడుతూ వైద్యం చేసేది. 1955లో గోర్డన్ వాసన్ అనే అమెరికన్ బ్యాంకర్ ఆమె దగ్గర వాటిని తిన్నాడు. ఆ క్రతువు కష్టంలో ఉన్నవాళ్ల కోసమే చేస్తారు కాబట్టి, అలాంటి చోట్ల ప్రవేశం దొరకడానికి కొడుకు క్షేమం తెలుసుకోవాలన్న సాకు చెప్పిన మనిషి ఆయన. 1957లో లైఫ్ పత్రికలో వ్యాసం రాశాడు, ఆమె పేరు మార్చే రాశాడు, అయినా దాగలేదు. దేవుణ్ణి చూడాలని వేల మైళ్ల నుంచి జనం ఊరి మీద పడ్డారు. పోలీసులొచ్చారు, ఊరు ఆమెనే తప్పుపట్టింది, ఆమె ఇల్లు తగలబెట్టారు. వాసన్ రాకముందు దేవుణ్ణి వెతకడానికి ఎవరూ పుట్టగొడుగులు తినేవాళ్లు కాదు, జబ్బు నయం కావడానికే తినేవాళ్లని ఆమె తర్వాత చెప్పింది. పరాయివాళ్లు వచ్చాక వాటి బలం పోయిందని కూడా అంది.

పుట్టగొడుగుల్లోంచి సైలోసైబిన్‌ను 1958లో వేరుచేసిన స్విస్ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్, 1962లో దాన్ని మాత్రలుగా చేసి ఆ ఊరికి తీసుకెళ్లాడు. ఆ రాత్రి మరియా సబీనా పుట్టగొడుగులకు బదులు ప్రయోగశాల మాత్రలు వేసుకుని క్రతువు చేసింది. తెల్లారేసరికి, ఈ మాత్రలకూ పుట్టగొడుగులకూ శక్తిలో తేడా లేదంది. పుట్టగొడుగులు దొరకని కాలంలో కూడా వైద్యం చేయొచ్చని సంతోషించి, ఒక సీసా మాత్రలు దగ్గర ఉంచుకుంది.